లైపోసక్షన్ అయిన ఐదో రోజుకి పొట్ట ముందుకంటే లావుగా ఉంది, బరువూ పెరిగింది. ఇది మామూలేనా?

మీరడిగింది ఇది. కర్నూలులో టీచరు, వయసు 36, బరువు 66 కిలోలు, రెండు సిజేరియన్లు అయ్యాయి. వేసవి సెలవులు ఇవ్వగానే హైదరాబాద్ వెళ్ళి పొట్టకు, నడుం పక్కలకు లైపోసక్షన్ (చిన్న రంధ్రాల్లోంచి గొట్టం పెట్టి కొవ్వు లాగేసే ఆపరేషను) చేయించుకున్నారు. మూడు లీటర్లు తీశామన్నారు. మూడో రోజు కారులో ఇంటికొచ్చారు, ఇవాళ ఐదో రోజు. పొట్ట ఆపరేషనుకు ముందుకంటే బిర్రుగా ఉంది, బరువు రెండు కిలోలు పెరిగింది, కమిలిన నలుపు తొడల దాకా దిగింది. ఆపరేషను తర్వాత పొట్టకు బిగించిన బెల్టును ఈ ఎండలో భరించలేకపోతున్నారు, తీసేయొచ్చా? మీ అత్తగారు పప్పు పెట్టొద్దంటున్నారు, నిజమేనా? బడి తెరిచేలోపు తేరుకుంటారా? శ్రావణంలో చెల్లెలి పెళ్ళికి లెహంగా కొలతలు ఎప్పుడివ్వాలి?

సూటిగా జవాబు: మీరు రాసినంతవరకు కంగారు పడాల్సిందేమీ లేదు, మోసపోనూ లేదు. ఇప్పుడు అద్దంలో కనిపిస్తున్నది కొవ్వు కాదు, నీరు. బెల్టు తీసేయకండి, ఎండలో దాన్ని ఎలా భరించాలో కింద రాశాను. మూడో వారానికి వాపు బాగా తగ్గినట్టు మీకే తెలుస్తుంది, ఆరో వారానికి చాలావరకు పోతుంది. అసలు ఆకారం తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. జూన్‌లో బడికి వెళ్ళగలరు. పప్పు నిక్షేపంగా తినండి.

మిగతా వివరాల కంటే ముందు ఇది చదవండి. ఇంట్లోవాళ్ళతో కూడా చదివించండి.

వీటిలో ఏ ఒక్కటి వచ్చినా రేపటిదాకా ఆగొద్దు. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీసినప్పుడు ఛాతీలో పోటు, దగ్గితే రక్తపు జీర. ఒక్క కాలు మాత్రమే వాచడం, పిక్క గట్టిపడి నొక్కితే నొప్పి. మాట తడబడటం, మనిషి అయోమయంగా ఉండటం. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, చలి వణుకు. చర్మం మీద ఎరుపు గంటగంటకూ పాకడం, కనిపిస్తున్న దెబ్బకు పొంతన లేనంత భరించలేని నొప్పి. పొట్ట చెక్కలా బిగుసుకుని వాంతులు. గుడ్డ మీద గులాబీ రంగు నీళ్ళు కాక చిక్కటి ఎర్ర రక్తం కారుతూ గంటలో ఒక ప్యాడ్ తడిసిపోవడం. ఆరేడు గంటలు మూత్రం రాకపోవడం. ఇలాంటప్పుడు హైదరాబాద్ డాక్టరుకు ఫోన్ చేయండి, ఆయన ఎత్తేదాకా కూర్చోకండి. ఆయాసం, ఛాతీ నొప్పి, అయోమయం, రక్తం కారడం అయితే 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళిపోండి. మీకైతే కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల ఉంది. వెళ్ళగానే చెప్పాల్సిన మొదటి మాట "లైపోసక్షన్ అయి ఇన్ని రోజులైంది, ఇంత తీశారు" అన్నదే. చాలామంది సిగ్గుపడి ఆ మాట దాచేసి "గ్యాస్ పట్టింది" అంటారు. దాంతో గ్యాస్ మందే ఇస్తారు. కాళ్ళ సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ భయం మొదటి మూడు నాలుగు వారాలు ఉంటుంది. డిశ్చార్జి కాగితం ఫోటో తీసి మీ ఫోన్‌లోనూ మీవారి ఫోన్‌లోనూ పెట్టుకోండి.

ఇవేవీ లేవంటే, ఇక మీ పొట్ట సంగతి.

ఆపరేషనులో కొవ్వు లాగేముందు చర్మం కింద సెలైన్ ఎక్కిస్తారు. అందులో నొప్పి తెలియకుండా లిడోకెయిన్, రక్తం కారకుండా నాళాలు ముడుచుకునేందుకు అడ్రినలిన్ కలుపుతారు. అమెరికాలో చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1980ల్లో తెచ్చిన పద్ధతి ఇది. రక్తనష్టం బాగా తగ్గింది దీనివల్లే. ఎక్కించిన నీళ్ళన్నీ కొవ్వుతోపాటు బయటికి రావు, ఎక్కువ భాగం లోపలే ఉండిపోతుంది. మొదటి ఒకటి రెండు రోజులు రంధ్రాల్లోంచి కారింది అదే. మిగిలింది ఒంట్లోకి ఇంకి మూత్రంగా పోవాలి. దానికి తోడు గొట్టం తిరిగిన చోటల్లా లోపల దెబ్బ తగిలినట్టే లెక్క కాబట్టి ఒళ్ళు తనంతట తానే అక్కడ నీరు పట్టిస్తుంది. ఇది రెండు మూడు రోజులకు శిఖరానికి చేరి అక్కడే కొన్నాళ్ళు నిలబడుతుంది. పొట్ట ఎంత పెరిగిందని ఫోన్లు వచ్చేది మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యనే.

మొదటి రోజు నొప్పే లేదు, రెండో రోజు నుంచి మొదలైంది అని కూడా రాశారు. ఆ లిడోకెయిన్ మెల్లగా ఇంకుతూ దాదాపు ఒక రోజు పనిచేస్తుంది. అది దిగిపోగానే అసలు నొప్పి బయటపడుతుంది. కొత్తగా ఏదో తేడా వచ్చి కాదు.

ఇక బరువు లెక్క. మూడు లీటర్లు అంటే మూడు కిలోల కొవ్వు కాదు. లాగినదంతా పట్టిన సీసాను కాసేపు కదపకుండా ఉంచితే పసుపు పచ్చటి కొవ్వు పైకి తేలుతుంది, ఎర్రటి నీళ్ళు అడుగున నిలుస్తాయి. పైన తేలింది రెండు లీటర్లు అనుకుందాం. లీటరు కొవ్వు సుమారు 900 గ్రాములు తూగుతుంది, అంటే పోయింది 1.8 కిలోలు. ఒంట్లో నిలిచిన నీరు మూడు నాలుగు కిలోలు ఉంటే కాటా పెరిగినట్టే చూపిస్తుంది. కాటాను మంచం కిందికి తోసేయండి, మూడు వారాల దాకా దాని అవసరం లేదు. అసలు ఇది బరువు తగ్గించే ఆపరేషను కాదు, కొలత మార్చే ఆపరేషను. బొడ్డు దగ్గర టేపు పెట్టి వారానికోసారి, ఒకే రోజు పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక కొలిచి రాసుకోండి.

వాపు మామూలుదా కాదా అని ఇంట్లోనే చూసుకునే ఒక పద్ధతి ఉంది. పొట్ట మీద బొటనవేలు పెట్టి పది సెకన్లు నొక్కి తీయండి. గుంట పడి మెల్లగా పూడుకుంటే అది నీరు, మామూలే. అలా కాకుండా ఒక్కచోట మాత్రమే ఉబ్బి, ఒక పక్క తట్టితే రెండో పక్కకు అల వెళ్ళినట్టు నీళ్ళ సంచిలా ఊగితే అక్కడ నీరు గూడు కట్టింది. దాన్ని సెరోమా అంటారు. ప్రమాదం కాదు, డాక్టరు సూదితో లాగేస్తారు, ఒక్కోసారి రెండు మూడు సార్లు లాగాలి. ఉన్నట్టుండి ఒక పక్కే రాయిలా బిగిసి నొప్పి పుడితే లోపల రక్తం నిలిచి ఉండొచ్చు, ఆ రోజే చూపించాలి.

కమిలిన నలుపు తొడలకు దిగడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పొట్టలో ఒలికిన రక్తం బరువుకి కిందికి జారుతుంది. ఆడవాళ్ళకు మర్మాంగాల దగ్గర, మగవాళ్ళకు వృషణాల దగ్గర వాచి నల్లబడి భయపెడుతుంది. నలుపు ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారి రెండు మూడు వారాల్లో పోతుంది. అప్పటిదాకా ఆ చర్మానికి ఎండ తగలనివ్వకండి, మన రంగు చర్మాల మీద మచ్చ నిలిచిపోతుంది.

ఇప్పుడు బెల్టు. ఇది మీరనుకున్నట్టు పొట్టను లోపలికి అదిమి సన్నం చేయడానికి కాదు. కొవ్వు లాగేసిన చోట చర్మానికీ కండకూ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ రెండూ అంటుకుని అతుక్కోవాలి. మధ్యలో నీరు చేరితే అతుక్కోవు. బెల్టు చేసేది రెండింటినీ సమానంగా దగ్గరికి నొక్కిపట్టడం. సాధారణంగా మొదటి మూడు వారాలు స్నానానికి తప్ప రాత్రింబవళ్ళు, తర్వాత మూడు వారాలు రోజుకి 12 గంటలు చెప్తాం. మీ డాక్టరు వేరే చెప్పి ఉంటే ఆయన మాటే వినండి, లోపల ఎంత తీశారో చూసింది ఆయన.

ఇక్కడ "సమానంగా" అన్న మాటే ముఖ్యం. బాలింతకు పాత చీర గుడ్డ బిగించి కడతారు చూడండి, అలా కడదామని పెద్దవాళ్ళు అంటారు. వద్దు. ఆ గుడ్డ గంటలో తాడులా చుట్టుకుపోయి ఒకచోట కోస్తుంది, పైనా కిందా వదిలేస్తుంది. బెల్టుకు కూడా ఇదే జబ్బు. కూర్చున్నప్పుడు బొడ్డు దగ్గర మడత పడుతుంది, ఆ మడత కింద చర్మం అలాగే అతుక్కుంటే పొట్ట మీద అడ్డంగా గాడి మిగిలిపోతుంది. తర్వాత దాన్ని సరిచేయడం చాలా కష్టం. అందుకే కూర్చుని లేచిన ప్రతిసారీ బెల్టును కిందికి లాగి మడతలు సాపు చేయండి. నిటారుగా కాక వెనక్కి వాలి కూర్చోండి. లోపల వేసుకోమని స్పాంజి షీటు ఇచ్చి ఉంటే అది బొడ్డుకు పైనా కిందా చదునుగా పరుచుకోవాలి, అంచు మడత పడితే అక్కడ బొబ్బ లేస్తుంది.

ఎంత బిగుతు? రెండు వేళ్ళు కష్టం మీద దూరాలి. కాళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నిండా ఊపిరి అందకపోయినా ఎక్కువైనట్టే, ఒక వరస హుక్కులు వదులు చేయండి. పడుకునే వేసుకోండి, కింది హుక్కు నుంచి పైకి. మొదట బయటి వరసకు పెట్టి, వాపు దిగేకొద్దీ లోపలి వరసకు మారుతూ రండి. లోపలి వరస కూడా వదులైందంటే చిన్న సైజు కొనాల్సిన రోజు వచ్చింది. ఇది ఎక్కువగా మూడో వారంలో వస్తుంది.

టీచర్లందరూ సెలవులని వేసవిలోనే చేయించుకుంటారు, ఎండకు మాత్రం సెలవు ఉండదు. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో 40, 42 డిగ్రీలు మామూలు. ఇంకా చేయించుకోనివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల పెట్టుకోండి. మీకు ఎలాగూ అయిపోయింది కాబట్టి ఇలా చేయండి. రెండో బెల్టు కొనండి, ఇది విలాసం కాదు. లోపల పల్చటి నూలు బనియన్ తిరగేసి వేసుకోండి, కుట్లు బయటివైపు ఉంటే చర్మానికి ఒరుసుకోవు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మార్చుకోండి. తీసినదాన్ని చల్లటి నీళ్ళలో కొద్దిగా షాంపూ వేసి చేత్తో ఉతికి, పిండకుండా టవల్లో చుట్టి నొక్కి, నీడన ఆరేయండి. మన గాలికి తొందరగానే ఆరిపోతుంది. ఎండలో వేస్తే ఎలాస్టిక్ పాడై పది రోజుల్లో సాగిపోతుంది. గజ్జల్లో, పొట్ట మడతలో తడి నిలవనివ్వకండి, తామర అక్కడే పట్టుకుంటుంది. చెమట పొక్కులకు పౌడరు దట్టంగా చల్లుకుంటారు, రంధ్రాల దగ్గర అది వద్దు, పుండులో చేరి గట్టిపడుతుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంట్లోనే, కూలరు గాలిలో ఉండండి.

మొదటి స్నానం జాగ్రత్త. మనుషులు కళ్ళు తిరిగి పడేది ఇక్కడే. ఐదు రోజులు నొక్కిపెట్టిన బెల్టు ఒక్కసారి తీయగానే రక్తం అటు పరుగెత్తి బీపీ పడిపోతుంది. ఖాళీ కడుపుతో వెళ్ళకండి. గ్లాసు మజ్జిగ తాగి, మంచం మీద పడుకుని, హుక్కులు మెల్లగా విప్పి, పది నిమిషాలు అలాగే ఉండండి. తర్వాత కూర్చోండి, ఆ తర్వాతే లేవండి. బాత్‌రూంలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని గోరువెచ్చని నీళ్ళు మగ్గుతో పోసుకోండి. తలుపు గడియ పెట్టొద్దు, బయట ఒకరు ఉండాలి. కళ్ళు మసకబారితే నేల మీదే పడుకుని కాళ్ళు బకెట్టు మీద ఎత్తి పెట్టండి. రంధ్రాలను రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి. అవి పూర్తిగా మూసుకునేదాకా, అంటే మూడు నాలుగు వారాలు, చెరువు, నది, స్విమ్మింగ్ పూల్ ఏదీ వద్దు.

ఇంట్లో జరిగే అసలు నష్టం నొప్పి వల్ల కాదు, నొప్పి తెలియకపోవడం వల్ల. పొట్ట మీద చర్మం వారాలు, ఒక్కోసారి నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది. సన్నటి నరాలు దెబ్బతిని మళ్ళీ పుంజుకునేదాకా అంతే. అలాంటి చోట కాపడం పెట్టొద్దు. ఉప్పు మూట వద్దు, వేడి నీళ్ళ సంచి వద్దు, కరెంటు హీటింగ్ ప్యాడ్ అసలే వద్దు. మీకు గోరువెచ్చగా అనిపించేది చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది, అవి మానినా మచ్చ పోదు. ఐసు కూడా నేరుగా పెట్టొద్దు, అది కూడా కాలుస్తుంది. బామ్‌లు, పసుపు, నూనెలో కాచిన ఆకు, ఇవి రంధ్రాల మీద రాయకండి. నరాలు తేరుకునేటప్పుడు చీమలు పాకినట్టు, సన్నగా కరెంటు కొట్టినట్టు, రాత్రిళ్ళు దురద. అది మంచి గుర్తే. గోకకుండా అరచేత్తో మెల్లగా తట్టండి, మామూలు మాయిశ్చరైజర్ రాయండి.

పప్పు తింటే చీము పడుతుందన్న మాట మన వైపు ప్రతి ఇంట్లో వినపడుతుంది. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి. మీ బరువుకు రోజుకి 75, 80 గ్రాములు చూసుకోండి. కోడిగుడ్డులో 6 గ్రాములు, గిన్నెడు పప్పులో 6, 7 గ్రాములు, వండిన చికెన్ 100 గ్రాముల్లో 25 పైన, అర లీటరు పాలు పెరుగుల్లో 16 దాకా వస్తాయి. రెండు గుడ్లు, రెండు గిన్నెల పప్పు, 150 గ్రాముల చికెన్, ఆ పాలు పెరుగు కలిస్తే సరిపోతుంది. మాంసం తిననివాళ్ళు 50 గ్రాముల సోయా చంక్స్, గుప్పెడు చెనిక్కాయలు చేర్చుకోవచ్చు. రాగి సంగటి, పప్పు, ఆకుకూర పెడితే మీ అత్తగారికీ అభ్యంతరం ఉండదనుకుంటా.

తగ్గించాల్సింది పప్పు కాదు, ఉప్పు. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. రోజు మొత్తానికి ఒక టీ స్పూను లోపల, అదీ కూరల్లో వేసేదాంతో కలిపి. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, బేకరీ మిక్చర్ మూడు వారాలు పక్కన పెట్టండి. ఉగ్గాని తినండి, బజ్జీ వదిలేయండి (ఇది చెప్తే కర్నూలోళ్ళు నన్ను తిడతారు, తెలుసు). నీళ్ళు మాత్రం తగ్గించొద్దు. బాలింత పథ్యంలో లాగా నీళ్ళు తక్కువ తాగితే వాపు దిగుతుందనుకోవడం తప్పు, ఒళ్ళు ఎండిపోతే రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఈ ఎండకు రోజుకి మూడు లీటర్లు, మూత్రం లేత పసుపులో ఉండాలి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఈ లెక్క వర్తించదు. మెడికల్ షాపులో అడిగి "నీరు పోయే మాత్ర" వేసుకోవడం వద్దే వద్దు. కర్నూలు మే నెలలో ఆ మాత్ర మిమ్మల్ని మంచం మీద పడేస్తుంది, వాపు మాత్రం అక్కడే ఉంటుంది.

నొప్పికి పారాసిటమాల్ 650 రోజుకి మూడు సార్లు చాలు, నాలుగు దాటించకండి. జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది, రెండూ కలిపి వేసుకోకండి. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి మీ సర్జన్‌ను అడగకుండా వద్దు, రక్తం కారే గుణం పెరుగుతుంది. ఇచ్చిన యాంటీబయాటిక్ మధ్యలో ఆపకండి, అయిపోయాక మీరే కొనసాగించనూ వద్దు. ఆపరేషనులో కొంత రక్తం పోయి ఉంటుంది, నీరసం ఎక్కువగా ఉంటే పదో రోజు ప్రాంతంలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఐరన్ మాత్ర ఇస్తే టీతో వేసుకోవద్దు.

మలబద్ధకం గురించి ఎవరూ అడగరు, అందరికీ ఉంటుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, ఐరన్, మంచంలో ఉండటం, మూడూ కలిసి బిగిస్తాయి. ముక్కితే పొట్టకు మంచిది కాదు. రాత్రి ఇసబ్‌గోల్ రెండు స్పూన్లు పెద్ద గ్లాసు నీళ్ళలో తాగండి. రెండు వారాలు కింద కూర్చునే మరుగుదొడ్డి వద్దు, కమోడ్ లేకపోతే కమోడ్ కుర్చీ తెచ్చుకోండి.

నడక మొదటి రోజు నుంచే ఉండాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి లేచి ఐదు నిమిషాలు ఇంట్లోనే తిరగండి. పడుకున్నప్పుడు పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి, పిక్క కదిలితేనే రక్తం నిలవదు. మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకుంటే పొట్ట లాగదు. కుట్లు తీయించుకోవడానికి మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాలి కదా, 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు. అనంతపురం నుంచి బెంగళూరు వెళ్ళేవాళ్ళకూ దాదాపు అంతే. ఏకబిగిన వెళ్ళొద్దు. ముప్పావు గంటకో గంటకో కారు ఆపి ఐదు నిమిషాలు నడవండి, సీటు వెనక్కి వాల్చుకోండి, సీటు బెల్టుకీ పొట్టకీ మధ్య మెత్తటి టవలు పెట్టుకోండి. సీటు బెల్టు పెట్టుకోకుండా మాత్రం కూర్చోవద్దు.

స్కూటీ మూడు వారాల తర్వాత. అప్పుడు కూడా స్పీడ్ బ్రేకర్ దగ్గర పొట్ట గుర్తు చేస్తుంది. ఐదు కిలోలకు మించి ఏదీ నాలుగు వారాలు ఎత్తొద్దు. అంటే నీళ్ళ క్యాను, గ్యాస్ సిలిండరు, మీ చిన్నవాడు, మూడూ వద్దు. వాడు కావాలంటే మంచం మీదికెక్కి మీ పక్కకు రావాలి. బయట నడక రెండో వారం నుంచి, జిమ్, పరుగు, పొట్ట వ్యాయామాలు ఆరో వారం తర్వాత. దాంపత్యం రెండు మూడు వారాలాగి, నొప్పి లేనప్పుడు. సిగరెట్, బీడీ, ఖైనీ ఇంట్లో ఎవరికి ఆపరేషనైనా ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు మానాలి, నికోటిన్ వల్ల చర్మానికి రక్తం అందక నల్లబడి కుళ్ళుతుంది.

ఇంకో భయం రెండో వారం చివర్లో మొదలవుతుంది, ముందే చెప్తున్నా. వాపు దిగేకొద్దీ చేతికి గడ్డలు తగులుతాయి. ఒకచోట గట్టిగా, ఒకచోట ఎత్తుపల్లాలుగా ఉంటుంది. లోపల పుండు మానే తీరే అంత, మూడో వారం నుంచి ఆరో వారం వరకు ఎక్కువగా తెలుస్తుంది, మూడు నెలలకు మెత్తబడుతుంది. రంధ్రాలు మూసుకుని, డాక్టరు సరేనన్నాక మసాజ్ మొదలుపెట్టండి. మాయిశ్చరైజర్ రాసుకుని, అరచేయి మొత్తం ఆనించి, బొడ్డు కింది భాగాన్ని గజ్జల వైపు, పై భాగాన్ని చంకల వైపు మెల్లగా నిమరాలి. పదేసి నిమిషాలు రెండు పూటలా. మొదట్లో చర్మం కదిలేంత ఒత్తిడి చాలు. మూడో వారం దాటాక గడ్డలున్న చోట వేళ్ళతో గుండ్రంగా కాస్త గట్టిగా. మాలిష్ చేసేవాళ్ళను పిలిచి బలంగా పిసికించొద్దు. పార్లర్లలో కొందరు రంధ్రాలు తెరిచి నీరు బయటికి పిండుతామంటారు, దగ్గరికి రానివ్వకండి, లోపలికి చీమును పిలిచినట్టే.

ఆలస్యంగా వచ్చే ఒక ఇన్‌ఫెక్షన్ సంగతి. రంధ్రాలన్నీ మానిపోయాక, మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య, ఒకచోట ఎర్రటి గడ్డ లేచి, పగిలి, పల్చటి చీము కారుతూ మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగకపోతే, కోర్సు మీద కోర్సు వాడుతూ పోవద్దు. టీబీ సూక్ష్మజీవి జాతికి చెందినవే, నీళ్ళలో బతికేవి కొన్ని ఉన్నాయి, శుభ్రం సరిగా లేని పరికరాల ద్వారా లోపలికి చేరతాయి. చీమును కల్చర్‌కు (సూక్ష్మజీవిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపమని, ఆ జాతి కోసం ప్రత్యేకంగా చూడమని అడగండి. మందులు నెలల తరబడి వాడాలి, కానీ తగ్గుతుంది. ఇది అరుదు, అయినా తెలియక తిరిగి తిరిగి వేసారినవాళ్ళే ఎక్కువ.

రెండు సిజేరియన్లన్నారు కదా, కుట్టు పైన వేలాడే చర్మం గురించి పెద్ద ఆశ పెట్టుకోకండి. లైపోసక్షన్ కొవ్వు తీస్తుంది, సాగిన చర్మం కొంతవరకే ముడుచుకుంటుంది. అది చూడాల్సింది ఆరో నెలలో, ఇప్పుడు కాదు.

బడి జూన్‌లో తెరిచేసరికి మీకు ఆరు వారాలు దాటుతుంది. రోజంతా నిలబడగలరు, సాయంత్రానికి కొంచెం బిగువుగా ఉంటుంది, అంతే. మొదటి పదిహేను రోజులు పని వేళల్లో బెల్టు వేసుకుని వెళ్తే హాయిగా ఉంటుంది. పుస్తకాల కట్టలు మాత్రం పిల్లలతో మోయించండి.

లెహంగా కొలతలు జూలై మూడో వారానికి ముందు ఇవ్వకండి. ఇచ్చేటప్పుడు బెల్టు లేకుండా, పొద్దున పూట ఇవ్వండి. నెలసరి దగ్గర పడిన రోజుల్లో వద్దు, అప్పుడు ఒళ్ళు నీరు పట్టి నడుము ఓ అంగుళం ఎక్కువ చూపిస్తుంది. టైలరుకు నడుము దగ్గర లోపల ఒకటిన్నర అంగుళం గుడ్డ వదలమని, పెళ్ళికి వారం ముందు ఒక ట్రయల్ చూస్తానని చెప్పి పెట్టండి.